కారులో తుపాకీ, కంపెనీ పార్కింగ్: ఆ నేల మీద మాట ఎవరిది?

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, ఆగ్నేయ మూలన వాలియంట్ అనే చిన్న ఊరు ఉంది. చుట్టుపక్కల చాలామందికి అక్కడి కాగితం మిల్లే జీవనాధారం. 2002 అక్టోబరు 1న ఆ మిల్లు నడుపుతున్న వేర్‌హౌజర్ కంపెనీ జాగిలాలను రప్పించి, పార్కింగ్ స్థలంలో నిలిపి ఉన్న కార్మికుల వాహనాలను తనిఖీ చేయించింది. వెతికింది మత్తుపదార్థాల కోసం, ఆయుధాల కోసం. కొన్ని బళ్ళలో తుపాకులు దొరికాయి. అవి వేటకాలం మొదలైన రోజులు. తెల్లవారకముందే అడవికి వెళ్ళి, అటునుంచి అటే షిఫ్టుకు వచ్చే మనిషి ట్రక్కులో రైఫిల్ ఉండటం అక్కడ, పొలం నుంచి వచ్చే రైతు భుజాన పార ఉన్నంత మామూలు. అయినా పన్నెండు మంది దాకా ఉద్యోగాలు పోయాయి. కాంట్రాక్టు సంస్థల తరఫున పనిచేస్తున్నవారూ వారిలో ఉన్నారు. తుపాకుల నిషేధాన్ని పార్కింగ్ స్థలానికి కూడా వర్తించేలా ఆ ఏడాదే నిబంధన మార్చామని కంపెనీ చెప్పింది. ఆ సంగతి తమదాకా రానేలేదని కార్మికులు అన్నారు.

వాళ్ళెవరూ తుపాకీ పట్టుకుని మిల్లులోకి రాలేదు, ఎవరినీ బెదిరించలేదు. తాళం వేసిన సొంత బండిలో, చట్టప్రకారం కొనుక్కున్న వస్తువు ఉంది. అయితే బండి నిలిపిన నేల కంపెనీది. రోడ్డు దిగిన దగ్గర నుంచి ఫ్యాక్టరీ తలుపు దాకా ఉన్న ఆ కాస్త జాగాలో ఎవరి మాట చెల్లాలి అన్న ప్రశ్న, ఇరవై ఏళ్ళకు పైగా అమెరికా శాసనసభలనూ కోర్టులనూ వదలడం లేదు. తెలుగువాళ్ళు వేలల్లో పనిచేస్తున్న టెక్సస్, జార్జియా, ఒహాయో రాష్ట్రాల్లో దీనిమీద ఏదో ఒక చట్టం ఉంది.

మనకు ఈ తగువు కొంచెం వింతగానే తోస్తుంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద ఇక్కడ తుపాకీ లైసెన్సు దొరకడమే గగనం. ఎన్నికలొస్తే ఆ లైసెన్సు ఉన్నవాళ్ళలో చాలామంది కూడా తుపాకీ తీసుకెళ్ళి పోలీస్ స్టేషన్లో జమ చేయాల్సి వస్తుంది. అమెరికాలో ఆయుధం ఉంచుకోవడం రాజ్యాంగ హక్కు. మరి హక్కు అయినప్పుడు కంపెనీ ఎలా ఉద్యోగం తీసేసింది? ఇక్కడే చాలామంది పొరబడతారు, అమెరికన్లతో సహా.

రాజ్యాంగంలోని రెండో సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. మన పంతొమ్మిదో అధికరణం ఇచ్చే వాక్ స్వాతంత్ర్యం ప్రధానంగా ప్రభుత్వం మీద వాడుకునే హక్కు అయినట్టే, అదీ అంతే. 2008లో హెలర్ కేసులో, 2010లో మెక్‌డొనాల్డ్ కేసులో, 2022లో బ్రూయెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తుపాకీ హక్కును అంచెలంచెలుగా బలపరిచింది. ఆ మూడింట్లోనూ ఎదుటి పక్షం ప్రభుత్వమే. ప్రైవేటు యజమాని తన ఆవరణలో తుపాకీ వద్దంటే రాజ్యాంగం అడ్డుపడదు. పైగా అమెరికాలో ప్రైవేటు ఉద్యోగాలు చాలావరకు 'ఎట్-విల్' పద్ధతిలో నడుస్తాయి. యజమాని కారణం చెప్పకుండా ఈ పూటే పంపించేయవచ్చు, ఉద్యోగి ఈ పూటే మానేయవచ్చు. జాతి, మతం, లింగం లాంటి కొన్ని కారణాలతో మాత్రం తీసేయకూడదు. ఈ పద్ధతి నుంచి పక్కకు తప్పుకున్న రాష్ట్రం మోంటానా ఒక్కటే.

యూటాలో జరిగిన కేసు ఈ సంగతిని స్పష్టం చేసింది. 2000లో ఆగ్డెన్ పట్టణంలోని అమెరికా ఆన్‌లైన్ కాల్ సెంటర్లో పనిచేసే ముగ్గురు ఉద్యోగులు, డ్యూటీ లేని సమయంలో, గురి సాధనకు వెళ్ళడానికి పార్కింగ్ స్థలంలో కలుసుకున్నారు. ఒక కారులోని తుపాకులను ఇంకో కారులోకి మార్చుకున్నారు. అది భద్రతా కెమెరాలో పడింది. ముగ్గురినీ తీసేశారు. తుపాకీ హక్కు రాష్ట్ర విధానమైనా, యజమాని ఆస్తి హక్కును తోసేసి ఉద్యోగాన్ని కాపాడేంత స్పష్టమైన విధానం కాదని 2004లో యూటా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వాలియంట్ కార్మికులకూ చివరికి అదే జరిగింది. 2006లో పదో సర్క్యూట్ అనే ఫెడరల్, అంటే కేంద్ర, అప్పీలు కోర్టులో ఓడిపోయారు.

కోర్టుల్లో ఓడినవాళ్ళు శాసనసభల్లో గెలిచారు. వాలియంట్ గొడవతో కదిలిన ఓక్లహోమా శాసనసభ 2004లోనే చట్టం తెచ్చింది, మరుసటి ఏడాది దాన్ని ఇంకా బిగించింది. తాళం వేసిన వాహనంలో తుపాకీ ఉంచుకోవడాన్ని ఏ యజమానీ నిషేధించకూడదు అన్నది దాని సారం. మిన్నెసోటా అంతకు ముందే, 2003లో, ఇలాంటి నిబంధన పెట్టింది. తర్వాత అలాస్కా, కెంటకీ, మిసిసిపీ, కాన్సస్, ఫ్లోరిడా, జార్జియా, లూసియానా, అరిజోనా, ఇండియానా, టెక్సస్, అలబామా వరుస కట్టాయి. ఒకప్పుడు కోర్టులో కంపెనీ గెలిచిన యూటా కూడా 2009లో చట్టం మార్చింది. ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఇవి ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో లేవు. అక్కడ కంపెనీ వద్దంటే వద్దనే.

రెండు హక్కుల మధ్య ఇరుక్కున్న నేల

ఈ పోరులో ఆశ్చర్యపరిచే విషయం, రెండు వైపులా నిలబడ్డవారెవరన్నది. సాధారణంగా ఒకే రాజకీయ గూటిలో ఉండే రెండు పక్షాలు, అంటే వ్యాపార సంఘాలు, తుపాకీ హక్కుల సంఘాలు, ఇక్కడ ఎదురెదురుగా నిలిచాయి. ఓక్లహోమా చట్టాన్ని కొనోకోఫిలిప్స్ చమురు కంపెనీ కోర్టులో సవాలు చేస్తే, నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 2005లో ఆ కంపెనీ పెట్రోలు బంకులను బహిష్కరించమని పిలుపునిచ్చింది. న్యాయవాదుల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ 2007లో కంపెనీల ఆస్తి హక్కు వైపు మొగ్గుతూ తీర్మానం చేసింది. టెనెసీలో ఫెడెక్స్, ఫోక్స్‌వాగన్ లాంటి పెద్ద యజమానులు బిల్లును అడ్డుకున్నారు. దాంతో రాజకీయం మరీ వేడెక్కింది. అక్కడి ప్రతినిధుల సభలో రిపబ్లికన్ నాయకురాలైన డెబ్రా మాగర్ట్, తుపాకీ హక్కులకు అనుకూలమని పేరున్న మనిషే అయినా, ఈ ఒక్క బిల్లు ముందుకు కదలనివ్వనందుకు పార్టీ అభ్యర్థిని ఎంచుకునే 2012 ప్రైమరీ ఎన్నికలో రైఫిల్ అసోసియేషన్ ఆమెకు వ్యతిరేకంగా భారీగా ఖర్చుపెట్టింది. ఆమె ఓడిపోయింది. మరుసటి ఏడాదే టెనెసీలో చట్టం వచ్చింది.

కోర్టుల్లో కంపెనీలు ప్రధానంగా రెండు వాదనలు పెట్టాయి. మొదటిది భద్రత. 1970 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య చట్టం ప్రకారం ప్రాణాపాయం కలిగించే ప్రమాదాలు లేని పనిస్థలం ఇవ్వడం యజమాని సాధారణ బాధ్యత. కేంద్రం ఆ బాధ్యత మోపినప్పుడు, తుపాకీని రానివ్వమని రాష్ట్రం ఎలా బలవంతం చేస్తుంది? 2007 అక్టోబరులో ఫెడరల్ జడ్జి టెరెన్స్ కెర్న్ ఈ వాదనను ఒప్పుకుని ఓక్లహోమా చట్టాన్ని ఆపేశారు. 2009 ఫిబ్రవరిలో పదో సర్క్యూట్ దాన్ని తిరగ్గొట్టింది. పనిస్థలంలో తుపాకుల మీద కేంద్ర సంస్థ ప్రత్యేకంగా ఏ ప్రమాణమూ పెట్టలేదు, కాబట్టి రాష్ట్ర చట్టంతో ఘర్షణే లేదు అన్నది ఆ తీర్పు సారం. ర్యామ్‌సీ వించ్ కేసుగా పేరుపడ్డ ఈ తీర్పే మిగతా రాష్ట్రాల చట్టాలకు కంచె అయింది.

రెండో వాదన ఆస్తి గురించి. మా నేలలోకి ఎవరి వస్తువు రావాలో ప్రభుత్వం నిర్ణయిస్తే, అది పరిహారం లేకుండా ఆస్తిని లాక్కోవడమే అని కంపెనీలు అన్నాయి. పదో సర్క్యూట్ దీన్నీ తోసిపుచ్చింది. అయితే ఈ వాదన పూర్తిగా చచ్చిపోయిందనుకోవడం తొందరపాటు. 2021లో సీడర్ పాయింట్ నర్సరీ కేసులో సుప్రీంకోర్టు, కార్మిక సంఘం ప్రతినిధులను ఏడాదిలో 120 రోజులు, రోజుకు మూడు గంటలు తోటల్లోకి రానివ్వాలన్న కాలిఫోర్నియా నిబంధనను ఆస్తి లాక్కోవడంగానే చూసింది. సంఘం మనిషిని రానివ్వమనడం తప్పయితే, తుపాకీని రానివ్వమనడం ఎలా ఒప్పవుతుంది అని కంపెనీలు ఇకముందు అడగవచ్చు. బండీ దాని యజమానీ ఎలాగూ కంపెనీ పిలిస్తేనే వచ్చారు కాబట్టి ఆ పోలిక కుదరదన్న జవాబూ ఉంది. ఆ జవాబే బలమైనదనిపిస్తుంది. పార్కింగ్ ఇచ్చి రమ్మన్నాక, ఆ బండి డిక్కీలో ఏముందో కూడా తన ఆస్తి హక్కులో భాగమే అని కంపెనీ అనడం కాస్త దూరం లాగడమే.

మినహాయింపుల చిక్కు

చట్టం ఉందని తెలిసి ధైర్యంగా ఉన్నవాళ్ళ ఉద్యోగాలు పోయింది ఎక్కువగా మినహాయింపుల దగ్గరే. ఫ్లోరిడా చట్టం 2008 జూలై 1న అమల్లోకి వచ్చింది. దాచి తీసుకెళ్ళే లైసెన్సు ఉన్న ఉద్యోగి తన కారులో తుపాకీ ఉంచుకోవచ్చు. కారులో తుపాకీ ఉందా అని యజమాని అడగనే కూడదు. అయితే పాఠశాలలు, జైళ్ళు, అణు విద్యుత్ కేంద్రాలు, రక్షణ పనులు జరిగే చోట్లు, పేలుడు పదార్థాల లైసెన్సు ఉన్న ఆవరణలు దీనికి బయట. ఆర్లాండోలోని డిస్నీ వరల్డ్ ఆ చివరి మినహాయింపును పట్టుకుంది. రోజూ బాణసంచా కాలుస్తారు కాబట్టి తమకు పేలుడు పదార్థాల అనుమతి ఉంది, అందుకని చట్టం తమకు వర్తించదు అన్నది. చట్టం అమల్లోకి వచ్చిన నెలలోనే, కారులో తుపాకీ ఉంచుకున్న ఒక సెక్యూరిటీ గార్డును తొలగించింది. అదే నెలలో ఫెడరల్ జడ్జి రాబర్ట్ హింకిల్, ఉద్యోగుల విషయంలో చట్టం చెల్లుతుందనీ, దుకాణాలకు వచ్చే కొనుగోలుదారుల విషయంలో మాత్రం చెల్లదనీ తేల్చారు.

టెక్సస్ చట్టం 2011 సెప్టెంబరు 1 నుంచి ఉంది. తాళం వేసిన సొంత వాహనం, చట్టబద్ధంగా ఉన్న తుపాకీ, యజమాని ఇచ్చిన పార్కింగ్ అయితే నిషేధం కుదరదు. కంపెనీ కారు అయితే ఈ రక్షణ లేదు. పాఠశాల జిల్లాలు, ప్రైవేటు పాఠశాలలకు మినహాయింపు ఉంది. చమురు శుద్ధి కర్మాగారాలకూ రసాయన పరిశ్రమలకూ మినహాయింపు ఉంది, అదీ షరతులతో. హ్యూస్టన్ చుట్టూ ఉన్న పారిశ్రామిక ప్రాంతంలో పనిచేసేవాడికి ఈ ఒక్క వాక్యమే మొత్తం చట్టం కంటే ముఖ్యం. మిసిసిపీలో గేటు పెట్టో, కాపలా పెట్టో జనాన్ని రానివ్వని పార్కింగ్ అయితే యజమాని నిషేధించుకోవచ్చు. జార్జియా చట్టంలో ఒకచోట ఇచ్చిన రక్షణను, ప్రైవేటు ఆస్తి యజమాని హక్కుకు భంగం లేదంటూ ఇంకోచోట చాలావరకు వెనక్కి తీసుకున్నారు. ఇక పోస్టాఫీసు పార్కింగు ఫెడరల్ నేల. కొలరాడోలోని ఒక పోస్టాఫీసు విషయంలో 2015లో పదో సర్క్యూట్ అక్కడి నిషేధాన్ని సమర్థించింది. అంతకు ఆరేళ్ళ ముందు, ఓక్లహోమా కార్మికులను కాపాడే చట్టాన్ని నిలబెట్టిన కోర్టే అది. నేల ఎవరిదన్న తేడాతో ఫలితం మారిపోయింది.

చట్టంలో హక్కు రాసినంత మాత్రాన, ఉద్యోగం పోతే తిరిగి వస్తుందని కూడా కాదు. టెనెసీ 2013 చట్టం కారులో తుపాకీ ఉంచుకోవడం నేరం కాదని మాత్రమే చెప్పింది. ఆ కారణంతో ఉద్యోగం తీసేయకూడదని చెప్పలేదు. తీసేయవచ్చనే రాష్ట్ర అటార్నీ జనరల్ అభిప్రాయపడ్డారు. ఆ లోపం సరిదిద్దడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రెండేళ్ళలో చట్టం తమ వైపుందని నమ్మిన టెనెసీ కార్మికుడికి అసలు ఏ అండా లేదు. మిసిసిపీలో 2006 చట్టం ఉన్నా, ఒక విమాన భాగాల కంపెనీ 2013లో తన ఉద్యోగిని తీసేసింది. అది తప్పుడు తొలగింపు అని రాష్ట్ర సుప్రీంకోర్టు 2016లో గాని చెప్పలేదు. కెంటకీలో విశ్వవిద్యాలయ ఆసుపత్రి విద్యార్థి-ఉద్యోగి ఒకరు 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచారు. వీళ్ళు గెలిచినవాళ్ళు. మూడేళ్ళు లాయరు ఫీజులు కట్టుకోలేక మధ్యలోనే వదిలేసినవాళ్ళ పేర్లు తీర్పుల పుస్తకాల్లో కనబడవు.

ఇంటి దారి, ఉద్యోగం పోయిన పూట

భద్రత గురించి రెండు వైపుల వాదనలనూ విడివిడిగా వింటే రెండూ నిజమే అనిపిస్తాయి. కారణం, అవి రెండు వేర్వేరు సమయాల గురించి మాట్లాడుతున్నాయి.

కార్మికుడు మాట్లాడేది దారి గురించి. ఆసుపత్రిలో రాత్రి షిఫ్టు ముగించుకుని అర్ధరాత్రి నలభై మైళ్ళు నడుపుకుంటూ ఇంటికి వెళ్ళే నర్సును తలచుకోండి. మాజీ భర్త వెంటాడుతున్నాడని కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్న స్త్రీని తలచుకోండి. కంపెనీ పార్కింగులో తుపాకీ వద్దంటే, ఆ నిషేధం పార్కింగుతో ఆగదు. ఇల్లు వదిలిన క్షణం నుంచి తిరిగి ఇంటికి చేరేదాకా, దారిపొడవునా వర్తిస్తుంది. కంపెనీకి ఏ అధికారమూ లేని రోడ్ల మీద కూడా. ఈ వాదన బలమైనదే. 1991 అక్టోబరు 16న టెక్సస్‌లోని కిలీన్ పట్టణంలో, లూబీస్ ఫలహారశాలలో ఒకడు 23 మందిని చంపాడు. ఆనాటి చట్టం ఒప్పదని తన రివాల్వరును కారులోనే వదిలి లోపలికి వెళ్ళిన సుజానా హప్ కళ్ళముందే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుంది. తర్వాత శాసనసభ్యురాలై తుపాకీ హక్కుల కోసం పోరాడింది. ఆమె కథను పార్కింగ్ చట్టాలకు మద్దతుగా తరచూ చెబుతారు. జాగ్రత్తగా చూస్తే ఆ కథ చెప్పేది వేరు. కారులో ఉన్న తుపాకీ, లోపల కాల్పులు జరుగుతున్నప్పుడు ఎవరికీ అందదు. కారు తుపాకీ వల్ల ఏదైనా రక్షణ ఉంటే అది దారిలోనే.

కంపెనీ మాట్లాడేది ఇంకో సమయం గురించి. పై అధికారితో గొడవపడి మనిషి బయటికి నడిచిన ఆ పది నిమిషాల గురించి. 2003 జూలై 8న మిసిసిపీలోని మెరిడియన్‌లో, లాక్‌హీడ్ మార్టిన్ కర్మాగారంలో ఒక ఉద్యోగి సమావేశం మధ్యలో లేచి తన ట్రక్కు దగ్గరికి వెళ్ళి, తుపాకులతో తిరిగివచ్చి ఆరుగురిని చంపాడు. 2008 జూన్ 25న కెంటకీలోని హెండర్సన్‌లో, ప్లాస్టిక్ కర్మాగారంలో రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోలేదనీ, పనిలో ఫోను వాడుతున్నాడనీ సూపర్‌వైజరుతో గొడవైన కార్మికుడు కారులో ఉన్న పిస్టల్ తెచ్చుకుని ఐదుగురిని చంపాడు. ఆ రెండు చోట్లా హంతకుడు తర్వాత తననూ చంపుకున్నాడు. హెండర్సన్ ఘటన జరిగిన మర్నాడే సుప్రీంకోర్టు హెలర్ తీర్పు చెప్పింది, వారం తిరగకుండా ఫ్లోరిడా చట్టం మొదలైంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతేలో హైదరాబాద్ ఇంజనీరును కాల్చి చంపినవాడు కూడా, బార్ నుంచి పంపించేశాక వెళ్ళి తుపాకీతో తిరిగొచ్చినవాడే. అది పనిస్థలం కాదు, పార్కింగ్ చట్టంతో దానికి సంబంధం లేదు. కానీ కోపానికీ ఆయుధానికీ మధ్య దూరం ఎంత తక్కువైతే ప్రమాదం అంత దగ్గరన్న సంగతి తెలుగు ఇళ్ళకు ఆ రాత్రి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియకపోవచ్చు.

అంకెలు ఏం చెబుతాయి? 2022లో అమెరికాలో పనిలో ఉండగా 5,486 మంది చనిపోయారు. వారిలో 524 మందివి హత్యలు. 1990ల నడుమ ఏడాదికి వెయ్యికి పైగా ఉండిన సంఖ్య సగానికి తగ్గింది. ఈ హత్యల్లో పెద్ద భాగం సహోద్యోగులు చేసినవి కావు, దోపిడీ దొంగలూ బయటివాళ్ళూ చేసినవి. నార్త్ కరోలినా పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనం ఒకటి, తుపాకులను అనుమతించిన పనిస్థలాల్లో హత్య జరిగే అవకాశం సుమారు ఐదు రెట్లు ఎక్కువని తేల్చింది. దీన్ని కంపెనీలు ఎన్నో కోర్టుల్లో, సభల్లో వాడుకున్నాయి. అయితే ప్రమాదం ఎక్కువున్న దుకాణాల వాళ్ళే తుపాకులను అనుమతించి ఉండవచ్చు కదా, కారణమేది, ఫలితమేది అన్న ప్రశ్నకు ఆ అధ్యయనం పూర్తి జవాబు ఇవ్వదు. పైగా అది పనిస్థలంలో తుపాకుల గురించి, పార్కింగులో తాళం వేసిన కార్ల గురించి కాదు.

ఈ రెండు వాదనల హోరులో మూడో ప్రమాదం ఎవరికీ పట్టలేదు. అది దొంగతనం. నిషేధం ఉన్నా లేకున్నా మనిషి ఎనిమిది గంటలు లోపల ఉంటే, తుపాకీ కాపలా లేకుండా కారులో ఉంటుంది. వందల కార్లు ఒకే చోట, ఒకే వేళలో, యజమానులు ఎప్పుడు తిరిగొస్తారో దొంగకు కూడా తెలిసిన చోట. అమెరికా నగరాల్లో పదేళ్ళలో తుపాకీ దొంగతనాల తీరే మారిపోయింది. ఒకప్పుడు ఇళ్ళలో ఎక్కువ పోయేవి, ఇప్పుడు కార్లలో పోతున్నాయి. లైసెన్సు లేకపోయినా కారులో తుపాకీ ఉంచుకోవచ్చని టెనెసీ 2014లో చట్టం చేశాక, మెంఫిస్‌లో కార్ల నుంచి పోయే తుపాకులు కొన్ని రెట్లు పెరిగాయి. అలా పోయిన తుపాకీ ఏ గ్యాస్ స్టేషన్ కౌంటరు ముందు తేలుతుందో చెప్పలేం. ఆ కౌంటర్ల వెనక రాత్రి షిఫ్టుల్లో నిలబడేవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. దోపిడీ కాల్పుల్లో పోయిన తెలుగు విద్యార్థుల వార్తలు హైదరాబాద్, విజయవాడ పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కంపెనీ మెడలు వంచి తుపాకీని పార్కింగులోకి రప్పించిన రాష్ట్రాలు చాలావరకు, దాన్ని కారులో ఎలా ఉంచాలన్నది గట్టిగా చెప్పలేదు. బయటికి కనబడకుండా పెట్టి కారు తలుపులకు తాళం వేస్తే చాలా చోట్ల సరిపోతుంది. కారు అద్దం పగలగొట్టడానికి దొంగకు పట్టేది కొన్ని సెకన్లు. మనిషి లేని వాహనంలో తుపాకీని తాళం వేసిన పెట్టెలో గానీ డిక్కీలో గానీ పెట్టాలని కాలిఫోర్నియా 2017 నుంచి, కనెక్టికట్ 2019 నుంచి, గట్టి పెట్టెలోనే పెట్టాలని కొలరాడో 2025 నుంచి చెబుతున్నాయి. ఈ మూడూ పార్కింగ్ చట్టాలు లేని రాష్ట్రాలు. అంటే పెట్టె అడిగినచోట కంపెనీ మీద ఒత్తిడి లేదు, కంపెనీ మీద ఒత్తిడి ఉన్నచోట పెట్టె అడగలేదు. కారుకు ఉక్కు తీగతో బిగించే చిన్న పెట్టె మామూలు తుపాకుల దుకాణాల్లోనే దొరుకుతుంది. దారిలో నర్సుకు కావలసిన రక్షణ దానివల్ల తగ్గదు. కోపంతో బయటికొచ్చినవాడిని అది ఆపుతుందని చెప్పలేం గానీ, దొంగను మాత్రం చాలాసార్లు ఆపుతుంది. ఇరవై ఏళ్ళుగా శాసనసభలు యజమాని మాట చెల్లాలా ఉద్యోగి మాట చెల్లాలా అని వాదించుకుంటూ, ఇంత చిన్న పనిని వదిలేశాయి. కంపెనీలు మాత్రం చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. ఉద్యోగం నుంచి తీసేసే సమావేశాన్ని ముందే ఆలోచించుకుని పెట్టడం, ఆ మనిషిని మర్యాదగా కారుదాకా పంపించడం, లోపలికి వచ్చే అతని కార్డును అప్పటికే ఆపేయడం, పార్కింగులో దీపాలూ కెమెరాలూ పెట్టడం, కావలసినవారికి పెట్టెలు ఇవ్వడం, వీటిలో ఏదీ ఏ రాష్ట్ర చట్టానికీ విరుద్ధం కాదు.

తెలుగువాళ్ళు మరవకూడనిది

పై చర్చ అంతా తుపాకీ చట్టబద్ధంగా ఉంచుకోగలిగినవారి గురించి. హెచ్-1బీ, ఎల్-1, హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారు ఆ జాబితాలో మామూలుగా లేరు. వలసేతర వీసా మీద దేశంలోకి వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ నేరం. ఏ రాష్ట్రమైనా, పార్కింగ్ చట్టం ఉన్నా లేకున్నా అంతే. వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది, దాని షరతులు లాయరును అడిగి తెలుసుకోవాల్సిందే గాని స్నేహితుడి మాట మీద నడవకూడదు. 2022లో మార్చిన చట్టం ప్రకారం శిక్ష పదిహేనేళ్ళ జైలు దాకా ఉండవచ్చు. తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికీ అది కారణమే. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

'కలిగి ఉండటం' అంటే కొనుక్కోవడమే అనుకుంటే పొరపాటు. సుప్రీంకోర్టు 2019లో విన్న రెహైఫ్ కేసు, విద్యార్థి వీసా మీద వచ్చి చదువు మధ్యలో ఆగిపోయిన యువకుడిది. ఫ్లోరిడాలో షూటింగ్ రేంజికి వెళ్ళి కాల్చినందుకు మొదలైంది ఆ కేసు. తాను చట్టవిరుద్ధంగా ఉంటున్నట్టు అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు చెప్పింది, కానీ రేంజిలో చేతబట్టిన తుపాకీ లెక్కలోకి రాదని చెప్పలేదు. డాలస్ శివార్లలోనో అట్లాంటాలోనో వారాంతపు సరదాగా రేంజికి తీసుకెళ్ళే మిత్రులకు ఈ సంగతి తెలియకపోవచ్చు.

ఇంకొకటి, పార్కింగ్ స్థలానికి మరీ దగ్గరది. ఒకే ఆఫీసులో పనిచేసే నలుగురు ఒక కారులో వెళ్ళిరావడం, ఒకరి కారు ఇంకొకరు అడిగి తీసుకెళ్ళడం మనవాళ్ళలో రోజూ జరిగేదే. కారు ఇచ్చిన మిత్రుడికి పౌరసత్వం ఉంది, డాష్‌బోర్డు అరలో అతని పిస్టల్ ఉంది, టెక్సస్ చట్టం ప్రకారం ఆఫీసు పార్కింగులో అతనికి ఏ ఇబ్బందీ లేదు. స్టీరింగ్ ముందు హెచ్-1బీ మీద ఉన్న మనిషి కూర్చుని, అరలో ఏముందో తెలిసి కారు నడిపితే మాత్రం, అది ఎవరి తుపాకీ అన్న వాదన అతన్ని కాపాడకపోవచ్చు. తాళం చెవి చేతికి తీసుకునేటప్పుడే, "కారులో తుపాకీ ఉందా అన్నా? ఉంటే తీసేసి ఇవ్వండి" అని అడగాలి.